మా పాప 31 మార్కులు గూగుల్లోంచి తీయించడానికి నేను పడ్డ పాట్లు

2025 నవంబర్‌లో ఒక బుధవారం మా పాప అన్నం తినకుండా పడుకుంది. అడిగితే కడుపు నొప్పి అంది. గురువారం స్కూలుకి పోలేదు. శుక్రవారం 14వ తేదీ, బాలల దినోత్సవం, స్కూల్లో డాన్సు ఉంది, దానికి దసరా సెలవుల నుంచి ప్రాక్టీసు చేస్తోంది, డ్రెస్సుకి నేను 1,200 కట్టాను కూడా, అయినా పోనంటే పోనంది. ఏడో తరగతి పిల్ల డాన్సు వదులుకుందంటే అది కడుపు నొప్పి కాదని తెలియడానికి డాక్టరు అక్కర్లేదు. పక్కన కూర్చుని గంటసేపు బతిమాలితే అప్పుడు చెప్పింది. క్లాసులో ఒకమ్మాయి పుట్టినరోజుకి పోయినప్పుడు పిల్లలంతా ఒక ఫోన్ చుట్టూ చేరి ఒక్కొక్కరి పేరు గూగుల్లో కొట్టి చూశారట. అందరి పేర్లకీ ఎవరెవరో వచ్చారు. మా ఇంటిపేరు కొంచెం అరుదైంది, దాంతో మా పాప పేరు కొడితే అచ్చంగా మా పాపే వచ్చింది. మర్నాటి నుంచి క్లాసులో తన పేరు 'థర్టీ వన్'.

నేనూ కొట్టి చూశాను. మొదటి పేజీలోనే ఒక పీడీఎఫ్. 43 పేజీలు. ఏదో టాలెంట్ టెస్టు ఫలితాలు, హాల్ టికెట్ నంబర్ల వరుసలో. మా పాప 19వ పేజీలో ఉంది: పూర్తి పేరు, పుట్టిన తేదీ, స్కూలు పేరు, సెక్షన్, తండ్రి పేరు, మా ఇద్దరి ఫోన్ నంబర్లు, ఆ తర్వాత మ్యాథ్స్ 6, సైన్స్ 11, రీజనింగ్ 14, మొత్తం 31, ర్యాంకు 874. నూటికి 31. పైన కింద ఉన్న పిల్లలవి కూడా అన్నీ అలాగే ఉన్నాయి, నేను ఎవరికి ఫోన్ చేయాలన్నా చేయొచ్చు, ఏ పాప ఏ స్కూల్లో ఏ సెక్షన్లో ఉందో, పుట్టినరోజు ఎప్పుడో చెప్పగలను. వేరే లింకులో ఫొటోల పేజీ ఒకటి, అందులో పిల్లల పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు, కింద పేర్లు. మా పాపది రెండు జడలతో, ఆరో తరగతి ఐడీ కార్డు కోసం దిల్‌సుఖ్‌నగర్‌లో దిగిన ఫొటో.

ఆ టెస్టు సంగతే నేను మర్చిపోయాను. 2024 నవంబర్‌లో స్కూల్ వాట్సాప్ గ్రూపులో ఒక లింక్ వచ్చింది, ఒక కోచింగ్ సంస్థ పెడుతోంది, ఫ్రీ, మంచి మార్కులు వస్తే స్కాలర్‌షిప్ అని. పొద్దున చైతన్యపురిలో మెట్రో ఎక్కి, సీటు దొరికిన సంతోషంలో ఆ ఫామ్ తెరిచి, మలక్‌పేట దాటేలోపు నింపేశాను. పాప పేరు, పుట్టిన తేదీ, ఫొటో, మా ఇద్దరి నంబర్లు, మా ఉద్యోగాలు, ఏడాది ఆదాయం ఎంతో కూడా ఉంది అందులో, ఒక గీత మీద వేలు పెట్టి లాగితే చాలు. పిల్ల లక్ష్యం ఇంజినీరింగా, మెడిసినా అని అడిగింది, మూడోది లేదు. చివర్లో చిన్న అక్షరాలతో నిబంధనలు, పక్కన ఒక డబ్బా. టిక్ కొట్టాను. ఆఫీసులో రోజంతా లెక్కలు చూసేదాన్ని, ఒక్క రూపాయి తేడా వస్తే రాత్రి దాకా కూర్చునేదాన్ని, కానీ ఆ డబ్బాలో టిక్ కొట్టడానికి నాకు ఒక్క సెకను కూడా పట్టలేదు.

ఇంకో విషయం కూడా అప్పుడే వెలిగింది. ఆ టెస్టు అయిన నెల నుంచి నాకు ఫోన్లు వస్తూనే ఉన్నాయి. ఐఐటీ ఫౌండేషన్ అని ఒకరు, అబాకస్ అని ఒకరు, ఆన్‌లైన్ ట్యూషన్ అని ఇంకొకరు. 2025 జూన్ దాకా "పాప సిక్స్త్ కదా మేడమ్" అనేవాళ్ళు, జూన్ తర్వాత "పాప సెవెంత్ కదా మేడమ్" అంటున్నారు. స్కూల్లో ఎవరో నంబర్లు అమ్ముకుంటున్నారని ఏడాది పాటు ఆఫీసు క్లర్క్ మీద అనుమానపడ్డాను, పాపం.

సరే, అదే శుక్రవారం ఒక విచిత్రం జరిగింది. కేంద్ర ప్రభుత్వం డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ నిబంధనలు ప్రకటించింది. శనివారం పొద్దున పేపర్లో చూశాను: 18 ఏళ్ళ లోపు పిల్లల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి, అది నిజంగా తల్లో తండ్రో ఇచ్చిందేనని సరిచూసుకోవాలి, పిల్లల వెంటపడి గమనించకూడదు, వాళ్ళని గురిపెట్టి ప్రకటనలు వేయకూడదు, తప్పితే 200 కోట్ల దాకా జరిమానా. 200 కోట్లు! ఆ ముక్క కత్తిరించి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుని పదిన్నరకల్లా ఆ సంస్థ బ్రాంచి మెట్లెక్కాను.

రిసెప్షన్‌లో అమ్మాయి బాగానే మాట్లాడింది. కూర్చోమంది, మంచినీళ్ళిచ్చింది, పాప ఏ క్లాస్ అని అడిగింది. సెవెంత్ అన్నాను, అది తప్పయింది. వెంటనే కౌన్సెలర్‌ని పిలిచింది. ఆయన వచ్చి ఫైలు తెరిచి, నేను చెప్పేది రెండు నిమిషాలు తలూపుతూ విని, "పాప స్కోర్ తక్కువుంది మేడమ్, అందుకే మీరు ఫీలవుతున్నారు, వీకెండ్ బ్యాచ్‌లో వేస్తే ఆర్నెల్లలో మార్చేస్తాం, మీరు ఇంత దూరం వచ్చారు కాబట్టి ట్వంటీ పర్సెంట్ కన్సెషన్ ఇస్తా" అన్నాడు. నేను పేపర్ ముక్క తీసి బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని చదివి, "ఇవన్నీ ఫేస్‌బుక్ వాళ్ళకి మేడమ్" అని వెనక్కిచ్చేశాడు. మరి పీడీఎఫ్ ఎవరు తీస్తారు? "అది సర్వర్‌లో ఉంటది, హెడ్డాఫీస్ వాళ్ళు చూస్కుంటరు." హెడ్డాఫీస్‌లో ఎవరు? "మెయిల్ పెట్టండి మేడమ్." ఏ మెయిల్? వెబ్‌సైట్‌లో ఉంటుందన్నాడు. ఉంది. పెట్టాను. ఆ చిరునామా లేదని అరనిమిషంలో తిరిగొచ్చింది, నేనింకా వాళ్ళ మెట్ల మీదే ఉన్నాను.

ఆదివారం మా తమ్ముడొచ్చాడు. చిన్నమ్మ కొడుకు, ఎల్‌బీ నగర్‌లో రంగారెడ్డి జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తాడు. మా అత్తమ్మ సర్వపిండి చేసింది, అది తింటూ నా పేపర్ ముక్క చదివాడు, రెండోసారి చదివాడు, "అక్కా, చట్టం వచ్చింది కానీ ఇంకా రాలే" అన్నాడు.

వాడు చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తాను. చట్టం పార్లమెంటులో పాసయింది 2023 ఆగస్టులో. ఆ తర్వాత రెండేళ్ళు అది ఊరికే పుస్తకంలో ఉంది, ఎందుకంటే ఎలా అమలు చేయాలో చెప్పే నిబంధనలు లేవు. ముసాయిదా 2025 జనవరిలో వచ్చింది, అసలువి ఇప్పుడు నవంబర్‌లో. వచ్చినవి కూడా ఒక్కసారి అమల్లోకి రావు, మూడు విడతలు. ఫిర్యాదులు విని జరిమానా వేసే డేటా ప్రొటెక్షన్ బోర్డు పెట్టడానికి కావలసినవి వెంటనే, కన్సెంట్ మేనేజర్లు అని మన అనుమతుల లెక్క చూసే మధ్యవర్తుల సంగతి ఏడాదికి, మిగతావి, అంటే పిల్లల గురించిన 9వ సెక్షన్‌తో సహా అసలు సరుకంతా, 18 నెలలకి. అంటే 2027 మే. అప్పటికి మా పాప ఎనిమిది పాసై తొమ్మిదిలో చేరబోతుంటుంది.

"మరి ఇప్పుడేం లేదా?" అన్నాను.

ఉందట, కొంచెం. ఐటీ చట్టంలో 43ఎ అని ఒక సెక్షన్, దానికింద 2011లో రాసిన నిబంధనలు. వాటి ప్రకారం కంపెనీ ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ని ఒకర్ని పెట్టాలి, పేరు, చిరునామా వెబ్‌సైట్‌లో ఉంచాలి, ఫిర్యాదుని నెలలోపు తేల్చాలి. కానీ అందులో 'సున్నితమైన సమాచారం' అని గట్టిగా కాపాడేవి పాస్‌వర్డులు, బ్యాంకు వివరాలు, ఆరోగ్యం, వేలిముద్రల్లాంటివి. పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు ఆ జాబితాలో లేవు. పిల్లలు అనే మాటైతే అసలే లేదు. మార్కులా, మార్కుల ఊసే లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. నా క్రెడిట్ కార్డు నంబర్ బయటపడితే కార్డు బ్లాక్ చేసి కొత్తది తెచ్చుకుంటాను, మా పాపకి కొత్త పుట్టిన తేదీ ఎక్కణ్ణుంచి తేను?

నాకింకో పాయింటు తట్టింది. పాప మైనర్ కదా, ఆ ఫామ్ ఎలా చెల్లుతుంది? వాడు నవ్వాడు. "మైనర్ చేసిన ఒప్పందం చెల్లదని బ్రిటిష్ కాలం నాటి అన్నిటికంటే పై కోర్టు, ప్రీవీ కౌన్సిల్, 1903లోనే చెప్పింది అక్కా, లా ఫస్టియర్‌లో అందరం చదివేదే. కానీ ఇక్కడ టిక్ కొట్టింది పాప కాదు గదా, నువ్వు."

మా ఆయన అప్పటిదాకా టీవీ చూస్తున్నాడు, ఆ మాటకి మాత్రం ఇటు తిరిగాడు.

కొత్త చట్టం వచ్చినా ఈ చిక్కు అలాగే ఉంటుందేమో అని నా అనుమానం. అనుమతి ఎవరిచ్చారో సరిచూడ్డానికి తల్లిదండ్రుల వివరాలు ముందే వాళ్ళ దగ్గరుంటే వాటితో, లేదంటే మనమిచ్చే గుర్తింపుతో, లేదా మన సర్టిఫికెట్లు ఆన్‌లైన్‌లో దాచుకునే ప్రభుత్వ డిజీలాకర్ లాంటి చోటి నుంచి వచ్చే టోకెన్‌తో చూస్తారట. అంటే పాప వివరాలు భద్రంగా ఉంచడానికి నా వివరాలు కూడా ఇవ్వాలి. నేను మెట్రోలో సీటు దొరికిన సంతోషంలో డిజీలాకర్ కూడా నొక్కేస్తాను, నా సంగతి నాకు తెలుసు. ఒక్కటి మాత్రం నచ్చింది: తల్లి అనుమతి ఇచ్చినా సరే, పిల్లల్ని గురిపెట్టి ప్రకటనలు వేయడం, వాళ్ళ ప్రవర్తనని గమనిస్తూ ఉండడం కుదరదు. స్కూళ్ళకి, ఆసుపత్రులకి కొన్ని మినహాయింపులు ఇచ్చారు, కానీ అవి చదువు కోసం, పిల్ల భద్రత కోసం అవసరమైనంత వరకే. ఇంకొకటి, ఏ పని కోసం సమాచారం తీసుకున్నారో ఆ పని అయిపోయాక చెరిపేయాలి. ఒక ఆదివారం పెట్టిన పరీక్ష, పది రోజులకి ఫలితాలు, ఏడాది తర్వాత కూడా ఆ పీడీఎఫ్ అక్కడ ఏ పని చేస్తున్నట్టు?

200 కోట్ల గురించి కూడా అడిగాను. అది బోర్డు వేసే జరిమానా, వెళ్ళేది భారత ప్రభుత్వ ఖజానాకి. మాకు పైసా రాదు. 43ఎ కింద అయితే నష్టపరిహారం అడగొచ్చు, కానీ కొత్త చట్టం పూర్తిగా వచ్చిన రోజు ఆ సెక్షన్ పోతుంది. పైగా బోర్డుకి నేను తప్పుడు ఫిర్యాదు చేస్తే నాకు పదివేల దాకా జరిమానా. "అది మాత్రం నీ జేబుల్నుంచే" అన్నాడు తమ్ముడు, ఇంకో సర్వపిండి ముక్క తీసుకుంటూ.

అయితే దారి కూడా వాడే చూపించాడు. అమల్లోకి రాని సెక్షన్ చూపించి బెదిరిస్తే వాళ్ళ లాయర్ నవ్వుతాడు, కాబట్టి వాళ్ళ మాటనే వాళ్ళ మీదికి వాడమన్నాడు. వాళ్ళ వెబ్‌సైట్ అడుగున ప్రైవసీ పాలసీ అని ఒక పేజీ ఉంది, ఎవరూ చదవనిది, వాళ్ళు కూడా చదివినట్టు లేరు. అందులో 'మీ వివరాలు మీ అనుమతి లేకుండా ఇతరులకు ఇవ్వం, బయటపెట్టం' అని శుభ్రంగా రాసి ఉంది. అది ప్రింటు తీశాం, కింద తేదీ పడేలా. పీడీఎఫ్ 19వ పేజీ ప్రింటు తీశాం, పక్క పిల్లల వివరాల మీద నల్ల స్కెచ్ పెన్‌తో గీశాను, అది కూడా మనమే బయటపెట్టినట్టు కాకూడదని. తిరిగొచ్చిన మెయిల్ ప్రింటు తీశాం. ఉత్తరంలో అయిదు సంగతులు అడిగాం: పీడీఎఫ్, ఫొటో తీసేయండి, మీ దగ్గరున్న మా వివరాలు చెరిపేయండి, మా నంబర్లు కాల్ లిస్టులోంచి తీయండి, ఇప్పటిదాకా ఎవరెవరికి ఇచ్చారో చెప్పండి, ఇవన్నీ చేసినట్టు రాతపూర్వకంగా ఇవ్వండి. కొత్త చట్టాన్ని బెదిరింపుగా కాకుండా తెలియజేస్తున్నట్టుగా ఒక పేరాలో పెట్టాం, ముందు సేకరించిన సమాచారానికి కూడా రేపు మీరు నోటీసు ఇవ్వాల్సి ఉంటుంది, ఇప్పుడే తీసేస్తే మీకే మంచిది అని. జవాబు రాకపోతే బాలల హక్కుల కమిషన్‌కి రాస్తామని చివర్లో.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలు చెప్పిన తీర్పు ఒకటుంది కదా, పుట్టస్వామి కేసు, దాన్ని కూడా ఒక వాక్యంలో పెట్టాడు. ఆ తీర్పులో జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్ పిల్లల గురించి ప్రత్యేకంగా రాశారట, చిన్నతనంలో తెలియక చేసిన పొరపాట్ల ఫలితం వాళ్ళు జీవితాంతం మోయాల్సిన పని లేదని. ఇది వాడు చెప్తున్నప్పుడు పాప తలుపు దగ్గర నిలబడి వింటోంది. "నాది పొరపాటు కాదు మామా, నాకు ఆ లెక్కలు రాలేదు అంతే" అంది.

మంగళవారం ఆఫీసుకి గంట పర్మిషన్ పెట్టి పోస్టాఫీసుకి పోయాను. రిజిస్టర్డ్ పోస్టు అని అడిగితే కౌంటర్లో పెద్దాయన అదిప్పుడు విడిగా లేదమ్మా అన్నారు, 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారట. అందినట్టు రుజువు కావాలన్నాను, దానికి వేరే టిక్ ఉంది. ఈసారి ఆ కాగితం మొత్తం చదివాకే టిక్ పెట్టాను, వెనక లైన్లో ఉన్నవాళ్ళు విసుక్కున్నారు.

ఈలోపు గూగుల్ పని మొదలుపెట్టాను. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నాకు అన్నిటికంటే త్వరగా పని చేసింది ఇదే. గూగుల్‌లో రెండు వేర్వేరు దరఖాస్తులున్నాయి. 18 ఏళ్ళ లోపు వాళ్ళ ఫొటో వెతుకులాటలో వస్తుంటే తీసేయమని ఆ పిల్లలే గానీ తల్లిదండ్రులు గానీ అడగొచ్చు, 2021 నుంచి ఉంది. ఫోన్ నంబరు, చిరునామా లాంటివి బయటికి కనిపిస్తుంటే తీయించే ఫామ్ వేరే. రెండిటిలోనూ ఏ పేజీయో దాని పూర్తి లింకు ఇవ్వాలి, ఏ మాటలు కొడితే అది వస్తోందో రాయాలి. మొదటిసారి నేను వెతికిన పేజీ లింకు ఇచ్చాను, అసలు పీడీఎఫ్ లింకు ఇవ్వాలని తెలియక. అది తిరస్కరించారు. రెండోసారి సరిగ్గా ఇచ్చాను. ఫొటోకి నాలుగో రోజు, పీడీఎఫ్‌కి తొమ్మిదో రోజు ఒప్పుకున్నట్టు మెయిల్ వచ్చింది, పాప పేరుతో వెతికితే ఇక రాదని. కానీ ఇది గూగుల్ బోర్డు తిప్పేయడం లాంటిదే, ఇల్లు అక్కడే ఉంటుంది. లింకు దాచుకున్నవాళ్ళకి పీడీఎఫ్ తెరుచుకుంటూనే ఉంది. అయినా పిల్లలకి లింకులు దాచుకునే ఓపిక ఎక్కడిది, పేరు కొడితే రాకపోతే చాలు మాకు. ఆ రాత్రి పాప నా ఫోన్‌లో తన పేరు తనే కొట్టుకుంది. తెలుగు అక్షరాల్లో, ఇంగ్లీషులో, ఇంటిపేరు ముందు, వెనక, స్పెల్లింగు మార్చి. నాలుగైదు రకాలుగా చూసి ఫోన్ నాకిచ్చేసి పోయి పడుకుంది. ఏమీ అనలేదు.

కోచింగ్ వాళ్ళ ఫోన్ల మీద 1909కి, అంటే అక్కర్లేని కాల్స్ మీద చెప్పుకునే నంబరుకి, ఫిర్యాదులు మొదలుపెట్టాను. ఇంతకుముందు కాల్ వచ్చిన మూడు రోజుల్లోపే చేయాలని ఉండేది, 2025లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ దాన్ని ఏడు రోజులకి పెంచింది. ట్రాయ్ వాళ్ళ డీఎన్‌డీ యాప్‌లో నంబరు, తేదీ, ఏం మాట్లాడారో రాస్తే చాలు. రాశాను, మొత్తం పదకొండు. నంబర్లు ఆగాయి, కొత్త నంబర్ల నుంచి మొదలయ్యాయి. దోమల బ్యాటు పట్టుకున్నట్టుంటుంది, చప్పుడైతే వస్తుంది, దోమలు తగ్గవు.

స్కూలు సంగతి త్వరగా చెప్పేస్తాను. ప్రిన్సిపాల్ మేడమ్ మర్యాదగానే విన్నారు, లింకు పెట్టింది మేమే కానీ పిల్లల వివరాలు మేమివ్వలేదు, మీరే నింపారు అన్నారు. అది నిజం. ఇక మీదట బయటి లింకులు గ్రూపులో పెట్టబోమన్నారు. నెల తిరక్కుండా ఒలింపియాడ్‌ది పెట్టారు. క్లాస్ టీచర్ మాత్రం ఎవరికీ చెప్పకుండా ఆ 'థర్టీ వన్' గొడవ ఆపించింది, ఎలా ఆపించిందో నాకు తెలియదు, ఆమెకి నేను రుణపడి ఉంటాను.

తల్లిదండ్రుల గ్రూపులో కూడా పెట్టాను, మీ పిల్లల వివరాలు కూడా అందులో ఉన్నాయి, కలిసి అడుగుదాం అని. నలుగురు బొటనవేలు ఎత్తారు. ఒకాయన, "మావాడికి అందులో ఫోర్త్ ర్యాంక్ మేడమ్, ఉండనీయండి, రేపు చూపించుకోవడానికి పనికొస్తది" అన్నాడు. ఇంకొకావిడ విడిగా మెసేజ్ చేసింది: "మీ పాపకి ర్యాంక్ వచ్చుంటే మీరు స్టేటస్ పెట్టుకునేవారు కదండీ." ఆ మెసేజ్‌కి ఇప్పటిదాకా జవాబివ్వలేదు. పెట్టుకునేదాన్నే. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద ఫ్లెక్సీల్లో వరసగా పిల్లల ముఖాలు, కింద హాల్ టికెట్ నంబరు, మార్కులు చూస్తూ పెరిగినవాళ్ళం మనం, పేరు పేపర్లో పడాలనే కోరుకున్నాం. 874వ ర్యాంకు వచ్చేదాకా నాకు అందులో తప్పేం కనపడలేదు.

ఉత్తరం అందిన 25వ రోజు హెడ్డాఫీస్ నుంచి ఫోన్. ఎవరో మేనేజరు, గొంతులో చాలా నెమ్మది. పీడీఎఫ్ తీసేశాం మేడమ్, ఇంకేమైనా సమస్య ఉందా, లెటర్ వాపసు తీసుకుంటారా అన్నాడు. తెరిచి చూశాను, నిజంగానే లేదు. మా పాపవే కాదు, 43 పేజీలూ పోయాయి. ఆ క్షణంలో ఆ ఫోర్త్ ర్యాంక్ బాబు వాళ్ళ నాన్న గుర్తొచ్చాడు, కొంచెం సంతోషం కూడా వేసింది, అబద్ధమెందుకు. ఫొటోల పేజీ ఉందన్నాను. అది వేరే ఏజెన్సీ చూస్తుందట. దానికి ఇంకో మూడు మెయిళ్ళు, జనవరి మొదటి వారం దాకా. మాటల్లో ఒప్పుకోను, మెయిల్ పెట్టమన్నాను, రెండు లైన్లు పెట్టారు: మీ వివరాలు తొలగించబడినవి. ఎవరెవరికి ఇచ్చారన్న ప్రశ్నకి మాత్రం జవాబు లేదు. అలా అడిగే హక్కు కొత్త చట్టంలో ఉంది, అదీ 2027 మే వరకి ఆగాలి. అప్పుడు కూడా ముందు కంపెనీకే చెప్పుకోవాలి, వాళ్ళకి 90 రోజుల దాకా గడువు, అక్కడ తేలకపోతేనే బోర్డు.

ఒక చిన్న విషయం, ఎవరికైనా పనికొస్తుంది. పీడీఎఫ్ పోయాక కూడా వేరే మాటలతో వెతికితే గూగుల్లో దాని శీర్షిక, కింద రెండు ముక్కలు కనిపిస్తూనే ఉన్నాయి, నొక్కితే తెరుచుకోదు కానీ ఆ రెండు ముక్కల్లోనే ఎవరో పాప పేరు, మార్కులు. పాతబడ్డ ఫలితాల్ని తాజా చేయమని అడిగే పేజీ ఒకటి వేరే ఉంది, అందులో లింకు ఇస్తే మూడు రోజుల్లో పోయాయి. ఆ పాప ఎవరో నాకు తెలియదు, వాళ్ళకీ తెలిసి ఉండదు.

అయిపోయిందనుకున్నాను. ఉత్తరాలు, రసీదులు, స్క్రీన్‌షాట్ల ప్రింట్లు అన్నీ ఒక కవర్లో పెట్టి బీరువాలో పాప పుట్టిన సర్టిఫికెట్ పక్కన పెట్టేశాను.

జనవరి ఆఖర్లో ఒక సాయంత్రం వంకాయలు కోస్తుంటే ఫోన్ మోగింది, చేతులు తడిగా ఉన్నాయని మోచేత్తో స్పీకర్ నొక్కాను. తెలియని నంబరు, చిన్నపిల్ల గొంతు, చదువుతున్నట్టు మాట్లాడుతోంది. వేరే సంస్థ పేరు చెప్పింది. "పాప జూన్‌లో ఎయిత్‌కి వస్తుంది కదా మేడమ్?" నంబరు ఎక్కడిదమ్మా అన్నాను. "మా డేటాలో ఉంది మేడమ్." ఏ డేటా? "సిస్టమ్‌లో కనిపిస్తుంది మేడమ్, నాకు ఇచ్చిన లిస్టు అంతే." పాప అక్కడే, గట్టు మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. కట్ చేద్దామని కత్తిపీట పక్కన పెట్టి చేయి తుడుచుకునేలోపు ఆ అమ్మాయి ఇంకో మాట అంది.

"సైన్స్ పర్వాలేదు మేడమ్, మ్యాథ్స్‌లోనే పాప కొంచెం వీక్ కదా."

పాప బఠాణీలు ఒలవడం ఆపింది.